పన్నెండు గళ్ళ పాటకు మొదలు ఎక్కడ

జడ్చర్ల,
8 ఆగస్టు 2022, సోమవారం.

పోచంపల్లి నివాసులు, చేనేత కార్మికులు, భజన మండలి హార్మోనియం వాద్యకారులు శ్రీ వెంకటనర్సు గారికి,

నిన్న చేనేత దినోత్సవం నాడు, సంఘం హాలులో, మూడు వందల మంది చూస్తుండగా ఒక పాటను చంపేశారు. చంపింది మీరు. నా మేనమామ అయినంత మాత్రాన మీ పేరు దాచిపెట్టే రకం కాదు నేను.

ముందు నేరం రాస్తాను. క్షేమసమాచారాలు తరువాత, అవసరమైతే.

ఆ పాట పేరు 'ఆసు బ్లూస్'. ఎనిమిది నెలలు అల్లాను. ఆండాళు అత్త ఆసు పోస్తున్నప్పుడు నూలు పట్టుకున్న ఆమె చెయ్యి మేకుల చుట్టూ పోయి వస్తుంది కదా, రోజుకు కొన్ని వేల సార్లు, ఆ ఊపునే పాటకు నడకగా పెట్టాను. మందుల ఫ్యాక్టరీలో ఫోను గేటు దగ్గరే తీసేసుకుంటారు. అందుకని మాత్రల డబ్బాలు సర్దుతూ నోటితోనే గళ్ళు లెక్కపెట్టుకున్నాను. సూపర్‌వైజరు రెండుసార్లు వచ్చి "ఏం జపం చేస్తున్నవురా?" అని అడిగాడు. జపం కాదు సార్, చరిత్ర అన్నాను.

చరిత్రే! సముద్రం అవతల పత్తిచేలలో బానిసలుగా బతికిన నల్లజాతి కూలీల బిడ్డలు పుట్టించిన సంగీతం ఈ బ్లూస్. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన ముప్పై రెండు పేజీల పుస్తకంలో చదివాను. వాళ్ళు పత్తి ఏరారు, మనం ఆ పత్తి నూలును బట్ట చేశాం. ఒకే దారానికి రెండు కొసలం. మన ఊళ్ళో ఆ పాట మోగాలని, అది కూడా క్లారినెట్, హార్మోనియం, విజేందర్ డ్రమ్ము, ఈ మూడింటితోనే మోగాలని నా పట్టుదల.

మీకు ఇంగ్లీషు స్వరలిపి రాదని నేను ఏం చేశాను? మన డిజైన్లు గీసే గ్రాఫు కాగితం మీదే పాటను రంగుల్లో దించాను. పన్నెండు గళ్ళు. వరుసకు నాలుగు, మూడు వరుసలు, అదంతా ఒక చుట్టు. నీలం గడి ఇల్లు: స, చిన్న గ, ప కలిపి నొక్కాలి. ఎరుపు గడి వీధి: మ, చిన్న ధ, స. పసుపు గడి చిన్న ధ మీద కూర్చుంటుంది, అక్కడ గాలి మారుతుంది. తెలుపు గడి ప, పెద్ద ని, రి. అక్కడ ఎవరూ నిలబడలేరు. పెద్ద ని తరిమితే స దగ్గరికి, ఇంటికి, పరుగెత్తాల్సిందే.

మొదటి వరుస: నీలం, ఎరుపు, నీలం, నీలం. రెండోది: ఎరుపు, ఎరుపు, నీలం, నీలం. మూడోది: పసుపు, తెలుపు, నీలం, నీలం. మూడో వరుసలోనే పాట ప్రాణం ఉంది. అంతదాకా ఓపిక పట్టి, అక్కడ కడుపులో ఉన్నదంతా కక్కి, ఇంటికి చేరాలి. అంతే! తరువాత ప్రతి చుట్టులోనూ నేను అప్పటికప్పుడు కొత్తగా అల్లుకుంటూ పోతాను, మీరు గళ్ళు కాపాడాలి.

మీరేం చేశారు? నేను ఇంట్లో మొదలుపెడితే మీరు పసుపు నొక్కారు. నేను వీధిలోకి వస్తే మీరు తెలుపు నొక్కారు! నా స పక్కన మీ ని. ఒక చెప్పులో రెండు కాళ్ళు పెట్టినట్టు. నా క్లారినెట్ రీడు చెడిపోయిందేమో అనుకుని మూడు చుట్లు ఓర్చుకున్నాను. నాలుగో చుట్టులో క్లారినెట్ దించి మైకులో చెప్పాను: "ఇది కుట్ర. మా మామే నా పాటను చంపుతున్నడు." చెప్పి వెనక్కి తిరిగి చూస్తే మీరు తల ఊపుతున్నారు! నవ్వుతూ! అంటే ఒప్పుకున్నట్టే కదా?

ఇంకా ఘోరం, నేను దిగి పక్క తలుపు నుంచి వెళ్ళిపోయినా మీరు ఆపలేదు. బస్సు ఎక్కేదాకా వినిపిస్తూనే ఉంది. చివర చప్పట్లు కూడా. నన్ను గెంటేసి నా పాట మీరు వాయించుకున్నారు.

మీ నంబరు బ్లాక్ చేశాను. ఏదున్నా కాగితం మీద రాయండి, సాక్ష్యం ఉంటుంది. ఈ అన్యాయం మీద ఒక కరపత్రం కూడా రాశాను, అచ్చుకు ఇస్తున్నాను.

జవాబు కోసం కాచుకున్న,
కృష్ణకాంత్


పోచంపల్లి,
13 ఆగస్టు.

అల్లుడు కిష్టకు,

మేమిద్దరం మంచిగున్నం. నువ్వు మంచిగ లేవని నీ ఉత్తరం చూస్తనే ఎరికైంది. 'శ్రీ', 'గారు' రెండూ పెట్టినవంటే కోపం నెత్తికెక్కినట్టే. చిన్నప్పుడు నా భుజం మీద కూసోని నా చెవులు పట్టుకొని బండి నడిపినోనివి, ఇయ్యాల వాద్యకారులు అంటున్నవు.

మీ అత్తకు చదివి వినిపించిన. 'నివాసులు' కాడ నవ్వింది. 'చంపింది మీరు' కాడ ఆసు ఆపింది. పోగు నడిమిట్ల ఆమె చెయ్యి ఆపదు, నీకు తెలుసు. "ఏం చేసినవు పోరనికి?" అని నన్నే అడిగింది. నాకైతే సమజ్ గాలే.

నువ్వు మైకుల ఏదో అన్నవు, నిజమే. నా ముందట హార్మోనియం, పక్కన విజేందర్ డ్రమ్ము, మైకు అటు దిక్కు తిరిగి ఉన్నది. నాకు ఒక్క ముక్క ఇనవడలే, మైకు గరగరకు ముందట కూసున్న మీ అత్తకు కూడ తెల్వలే. పాట గురించి జనానికి చెప్తున్నవనుకున్న. మంచిగ చెప్తున్నవని తల ఊపిన. తల ఊపుడు కూడా తప్పైతదని తెల్వదు బిడ్డా.

ఇగ దిగిపోయినవు. నీళ్ళు తాగనీకి పోయినవనుకున్న. అంత గాలి ఊదెటోనికి గొంతు ఎండదా? వస్తవు గద అని, నీ జాగ నీకు ఉంచి మెల్లగ వాయించుకుంట కూసున్న. ఎంతసేపటికీ రాలే. విజేందర్ నన్ను చూసిండు, నేను వాన్ని చూసిన. ఆపినం. జనం చప్పట్లు కొట్టిండ్రు. నీకే కొట్టిండ్రనుకున్న.

ఇగ తప్పు వాయించిన అంటవు. నేనైతే నీ గ్రాఫుల ఉన్నదున్నట్టు వాయించిన. ఒక్క గడి అటిటు చెయ్యలే. నలభై ఏండ్లు గ్రాఫు చూసి బట్ట నేసినోన్ని, పన్నెండు గళ్ళు చూసి వాయించలేనా?

ఇక్కడ వాన ఇడుస్తలేదు. ఎర్ర రంగు అద్దిన నూలు చిలపలు ఆరక, వంటింట్ల తాడు కట్టి ఎండబెట్టినం. రెండు రోజుల నుంచి పప్పు కూడా ఎర్రగనే కనవడుతున్నది. మీ అత్త భుజం నొప్పి గట్లనే ఉన్నది. నీ పాటల తన చెయ్యి ఊపు ఉన్నదంటే నమ్మలే. "నా నొప్పికి పాట కట్టిండా వాడు?" అంటున్నది, కానీ మూడుసార్లు అడిగింది పాటల అది ఏ కాడ ఉన్నదని.

కరపత్రం వద్దు బిడ్డా. ఒకసారి ఇంటికి రా.

నీ మామ,
వెంకటనర్సు


జడ్చర్ల,
17 ఆగస్టు.

వెంకటనర్సు గారికి,

మీ ఉత్తరం చదివాను. చాలా తియ్యగా ఉంది. పాతకాలం పెద్దమనుషులు ఎప్పుడూ ఇట్లాగే రాస్తారు, అసలు సంగతి వదిలేసి వాన గురించి, పప్పు గురించి.

నేను లెక్కలోకి వస్తాను. నాకు చదువు తక్కువే, ఇంటర్‌తో ఆగిపోయింది. కానీ లెక్క తప్పను. రెండు రోజులు కూర్చుని ఆ వేదిక మీద జరిగింది గడి గడిగా గుర్తు చేసుకున్నాను. మీరు తప్పు వాయించింది పన్నెండులో నాలుగే గళ్ళు! ఒకటి, రెండు, తొమ్మిది, పది. మిగిలిన ఎనిమిదీ సరిగ్గా పడ్డాయి. రాని మనిషి అయితే అన్నీ తప్పాలి, లేకపోతే ఎక్కడంటే అక్కడ తప్పాలి. ప్రతి చుట్టులోనూ అవే నాలుగు గళ్ళు తప్పడం ఏమిటి? మొదటి రెండూ తప్పి నా కాలు కిందినుంచి నేల లాగేశారు. తొమ్మిది, పది తప్పి, నేను నోరు తెరిచి అరవాల్సిన చోట ఇంట్లో దీపం పెట్టుకుని కూర్చున్నట్టు వాయించారు. దీన్ని ఏమంటారు? నేను చదివిన పుస్తకాల్లో దీనికి ఒకటే పేరు: పథకం.

నా జాగా ఉంచి వాయించానంటారు. నమ్మను. ఉంచినవాడు ఆపి, వెనక వచ్చి పిలిచేవాడు.

ఎందుకు చేశారో కూడా నాకు తెలుసు. భజన మండలి రామచంద్రయ్య తాత మొదటి రోజే అన్నాడు కదా: "హార్మోనియం దేవునికిరా, గీ ఏడుపుగొట్టు పాటలకు కాదు." ఆయన మాట కాదనలేక, నా మొహం మీద వద్దనలేక, వేదిక మీద ఈ పని చేశారు. దాన్నే నేను ద్రోహం అంటాను. ఎదురుగా నిలబడి వద్దంటే నేను గౌరవించేవాణ్ణి.

అమ్మ మూడు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. మీ చెల్లెలు కదా. అన్నం పెడుతోంది గానీ గిన్నె చప్పుడుతో పెడుతోంది. బాపు మాత్రం తన ఇష్టం వచ్చినట్టు టీవీ చూస్తున్నాడు. పన్నెండేళ్ళ కింద మగ్గం వదిలేసి ఇక్కడ ఫ్యాక్టరీలో చేరినప్పటి నుంచి ఆయనకు నేత మాట ఎత్తితే వినపడదు.

సవాలు చేస్తున్నాను. మీరు వాయించిన పన్నెండు గళ్ళను వరుసగా, మీ చేతి రాతతో రాసి పంపండి. రాస్తే మీ నేరం మీరే రాసినట్టు. రాయకపోతే ఒప్పుకున్నట్టు.

కరపత్రం వద్దన్నారు. ఆలస్యమైంది. రెండు వందల ప్రతులు నిన్ననే విజేందర్‌కు చేరాయి.

కృష్ణకాంత్


పోచంపల్లి,
24 ఆగస్టు.

కిష్టకు,

నీ కాగితం విజేందర్ బస్టాండుల పంచిండు. వద్దురా అంటే, "కాంత్ అన్నకు మాటిచ్చిన మామా, ఏమనుకోకు" అన్నడు. మిగిలినవి చాయ్ హోటల్ల పెట్టిపోయిండు. హోటలాయన వాటిల్నే మిర్చి బజ్జీలు కట్టిచ్చిండు. సాయంత్రానికి ఊరంత నా పేరు చదువుకుంట బజ్జీలు తిన్నరు.

నవ్వుతున్ననని అనుకోకు. ఒక ముచ్చట చెప్త. నలభై ఏండ్లల్ల నేను నేసిన చీరలు ఎన్నో ఊర్లకు పోయినయి. ఏ చీర మీద నా పేరు లేదు, ఉండది. పెండ్లి పత్రికల మీద కూడా మా నాయిన పేరే పెద్దగ పడ్డది. నా పేరు గింత పెద్దగ అచ్చుల చూసుకునుడు ఇదే మొదటిసారి. 'కళాద్రోహి వెంకటనర్సు'. అక్షరాలు మంచిగ కుదిరినయి. నూనె మరక 'ద్రోహి' మీద పడ్డది గానీ కింది నుంచి కనవడుతనే ఉన్నది.

మీ అత్త ఏడ్వలే. ఆ కాగితం మడత పెట్టి ఆసు మేకుల పెట్టె కింద పెట్టింది.

భజన మండలోళ్ళు అడిగిండ్రు, ఏం జరిగిందని. రామచంద్రయ్య తాత నా దిక్కే మాట్లాడిండు, పాపం. నువ్వు రాసింది తప్పు, ఆయన నాకు ఏం చెప్పలే. కానీ నాకే మనసున వట్టలే. హార్మోనియం తీస్కపోయి మండలి బీరువల పెట్టి తాళం ఆయన చేతికిచ్చిన. ఇగ ముట్ట.

సవాలు అన్నవు గనుక రాస్తున్న. నేను వాయించిన వరుస:

పసుపు, తెలుపు, నీలం, నీలం.
ఎరుపు, ఎరుపు, నీలం, నీలం.
నీలం, ఎరుపు, నీలం, నీలం.

నీ కాగితం మీద గిదే ఉన్నది. మళ్ళ మళ్ళ చూసిన. కింది వరుస నుంచి మొదలువెట్టి పైకి పోయిన, ఎప్పుడూ పోయినట్టే.

ప్రాక్టీసుల గీ తేడా ఎందుకు రాలేదంటవేమో. ప్రాక్టీసు రెండు ఆదివారాలూ నువ్వు నా ముందట నిలబడి రంగు పేరు చెప్పుకుంట తల ఊపినవు. నీ తల చూసి వాయించిన, కాగితం దిక్కు చూడలే. స్టేజి మీద నీ వీపే కనవడ్డది. వీపు రంగులు చెప్పది గద. అప్పుడు కాగితం చూసిన. మొదట్ల ఏందో కొత్తగున్నదనిపించింది. కానీ నువ్వే చెప్పినవు, "ఇది రోజుకో తీరు ఉంటది మామా, ఏమైనా ఆగొద్దు, గళ్ళు ఇడువొద్దు" అని. ఇడువలే.

ఇంతే నా సాక్ష్యం.

మీ అత్త కవరుల ఏదో చిన్న ముక్క పెడుతున్నది, బట్టల చుట్టి. ఏందంటే చెప్తలేదు.

మామ


జడ్చర్ల,
29 ఆగస్టు.

మామా!

మామా, మామా, మామా!

ఏం రాయాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడమే కదా అసలు నా నేరం!

నీ ఉత్తరం మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చేసరికి గడప దగ్గర ఉంది. 'కింది వరుస నుంచి' అన్న మాట దగ్గర ఆగిపోయాను. నిలబడే చదువుతున్నాను, చెప్పులు కూడా విప్పలేదు. బాపు చేతులు కడుక్కుంటున్నాడు. గ్రాఫు నకలు తీసి చూపించి అడిగాను: "బాపూ, దీన్ని ఎటు నుంచి చదువుతరు?"

ఆయన తడి చేత్తోనే చూపించాడు. "కింద నుంచి. గదేం ప్రశ్నరా? బట్ట కింద నుంచే గద పెరుగుతది. గోడ కట్టెటోడు పై ఇటుక ముందుగాల పెడతడా?"

పన్నెండేళ్ళలో ఆయన నాతో నేత గురించి మాట్లాడిన మొదటి మాట అది. అక్కడితో ఆగలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, రంగు అంటకుండా నూలుకు చిటికి కట్టడం, రంగు ఎక్కడ దిగితే గళ్ళు ఎట్లా చెదురుతాయి, అన్నీ చెప్పాడు. అమ్మ టీవీ కట్టేసింది. ఎవరూ చూడడం లేదు కదా అని.

నేతన్నల చెమట మీద, నేతన్నల కళ మీద నేను రాసిన కాగితాలన్నీ తీసి చూసుకున్నాను మామా. ఎంత పెద్ద మాటలు! 'శ్రమజీవి వేళ్ళ చివరి జ్ఞానం' అని ఒకదానికి శీర్షిక పెట్టాను. ఆ జ్ఞానంలో మొదటి అక్షరం నాకు తెలియదు. గ్రాఫు మీద గీసి గౌరవిస్తున్నానని పొంగిపోయాను గానీ, ఆ కాగితాన్ని మీ చేతులు ఎటు నుంచి చదువుతాయో ఒక్కసారి కూడా అడగలేదు. పుస్తకం చదివినట్టు పై నుంచి చదువుతారనుకున్నాను. కుట్ర ఉంటే అది నా గీతలో ఉంది. బాణం గుర్తు ఒక్కటి వేసి ఉంటే చాలు.

ఇప్పుడు ఆ ముక్క సంగతి. అత్త పంపింది మెమరీ కార్డు! ముందు వరుసలో కూర్చుని తన ఫోనులో మొత్తం రికార్డు చేసిందట, బట్ట మడతలో చీటీ పెట్టింది: "విని మాట్లాడు." రెండే మాటలు. నేను రాసిన నాలుగు పేజీలు ఆ రెండు మాటల ముందు ఎందుకూ పనికిరావు.

విన్నాను. పదకొండు సార్లు విన్నాను. చెబుతాను, కూర్చో.

మొదటి చుట్టు ఘోరం. రెండోది కూడా. నా స, నీ ని, గోడకు గోరు గీసినట్టు. మూడో చుట్టు దగ్గర ఒకటి జరిగింది. నువ్వు తెలుపు నొక్కావు. నేను ఎప్పటిలా స మీదికి ఎక్కాను. ఎక్కి, అక్కడ నీ పెద్ద ని విని, మామా, జారాను. స నుంచి ని మీదికి మెల్లగా జారి గడి మొత్తం అక్కడే పట్టుకున్నాను. వదల్లేదు. నీ మూడో గడి నీలం రాగానే స మీదికి వచ్చి కూర్చున్నాను. ఆ చోట హాలులో ఎవరో ఆడమనిషి "అబ్బ" అంది. ఆ 'అబ్బ' రికార్డులో ఉంది!

అది నేను వాయించానని నాకు గుర్తు లేదు. బుర్రలో నిన్ను తిట్టుకుంటున్నాను, చెవి మాత్రం నీతో పోయింది. ఎనిమిది నెలల్లో అంత మంచి వాక్యం నా క్లారినెట్ నుంచి రాలేదు. ఇళ్ళు, వీధులు అని పేర్లు పెట్టుకుని అన్నీ ముందే అనుకుని వాయించేవాణ్ణి, అప్పటికప్పుడు అల్లుతున్నానని చెప్పుకుంటూ. నిజంగా అల్లింది ఆ ఒక్క చోటే, ఎదుటివాడు ఏం చేస్తాడో తెలియని చోట.

ఇంకొకటి. నీ తీరులో పాట ముందే మంట మీద మొదలవుతుంది. పసుపు, తెలుపు, మొదటి మాటే దెబ్బ. తరువాత చుట్టు అంతా ఆ దెబ్బ నుంచి ఇంటికి నడక. నా తీరులో కోపం చివర వస్తుంది. నీ తీరులో కోపం ముందే అయిపోయి, పది గళ్ళ పాటు దాన్ని మోస్తూ బతకాలి. ఏది నిజం? అత్త భుజం చూస్తే నీదే నిజం అనిపిస్తోంది.

ఇక నేను దిగిపోయిన తరువాత.

నాలుగు చుట్లు ఉన్నాయి. ప్రతి చుట్టులో మొదటి రెండు గళ్ళు నిండుగా నొక్కి, మూడో గడి నుంచి నీ చెయ్యి సన్నబడుతుంది. నీలం గళ్ళలో ఒట్టి స ఒక్కటే, అది కూడా గాలి వదిలినట్టు. విజేందర్ కూడా అక్కడ డ్రమ్ము తగ్గించాడు. ఒక మనిషి వచ్చి కూర్చునేంత ఖాళీ. మళ్ళీ చుట్టు, మళ్ళీ ఖాళీ. నాలుగుసార్లు. నమ్మను అని రాశాను కదా. నమ్మకపోవడానికి నాకు చెవులు లేకపోవాలి.

ఆ ఖాళీలో కూర్చుని నా గదిలో నిన్న వాయించాను. రికార్డుతో పాటు. అమ్మ తలుపు దగ్గర నిలబడి విని, "మా అన్న ఎప్పుడూ ఇట్లనే, పక్కన పీట వేసి కూసుంటడు" అంది. గిన్నె చప్పుడు చేయకుండా అన్నం పెట్టింది.

మామా, తప్పు నాది. నీది అనే మాటకు అర్థం లేదు. నీ నంబరు తెరిచాను. కానీ ఫోను చేయను, ఈ మాట నోటితో చెబితే సగమే చెప్పినట్టు. హార్మోనియం బయటికి తియ్యి. మళ్ళీ వాయిద్దాం. రేపే అంటే రేపే!

నీ కిష్ట


పోచంపల్లి,
4 సెప్టెంబరు.

కిష్టకు,

నీ ఉత్తరం అందింది. మీ అత్త రెండు మార్లు చదివించుకున్నది. 'అబ్బ' అన్నది ఎవరో కాదు, మీ అత్తనే. ఫోను పట్టుకున్నది ఆమె గద, అందుకే గట్టిగ పడ్డది.

మీ బాపు చిటికి ముచ్చట చెప్పిండంటే సంతోషమైంది. వాడు నాకంటే మంచి పనోడు. చెప్పకు, ఉబ్బుతడు.

కోపం ఏం లేదు బిడ్డా. కానీ నేను ఇగ వాయించ. నువ్వు నాకు ఉత్తరంల తప్పు ఒప్పుకున్నవు, నేను చదువుకున్న. బజ్జీ తిన్నోళ్ళు ఈ ఉత్తరం చదువుతరా? నేను బజార్ల పోతాంటే పోరగాళ్ళు "మామా, గళ్ళు మంచిగున్నయా?" అంటున్నరు. ఊకె అంటరు, చెడ్డోళ్ళు కాదు. కానీ హార్మోనియం ముందట కూసుంటే ఆ మాట ముందుగాల ఇనవడ్తది, స తర్వాత ఇనవడ్తది. అట్లయితే వాయించుడు కుదరది.

నిన్న మగ్గం మీద ఒకటయింది. తొక్కుడు పలక తొక్కుతుంటే కాలు తనంతట తనే లెక్క పట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పన్నెండు దాక పోయి మళ్ళ మొదలు. చుట్టు మొదలైన ప్రతిసారి రెండో గడి కాడ కాలు బరువెక్కుతున్నది. పూటంత గదే. ఒక గళ్ళ వరుస చెదిరి విప్పి మళ్ళ నెయ్యాల్సి వచ్చింది. నీ పాట నా పని చెడగొడుతున్నది.

ఒక్కటి అడుగుత. ఆ తెల్ల గడిల పెద్ద ని పట్టుకున్నవు గద. దాన్ని ఇంటికి రానియ్యకుండ, నీలం గడి వచ్చినంక కూడ ఇంక జర ఆపి పెట్టొచ్చా? నేను స మీదికి వచ్చేసిన తర్వాత నువ్వు ఒక్క డ్రమ్ము దెబ్బ లేటుగ వస్తే ఎట్లుంటది? ఊకె అడిగిన.

మామ


జడ్చర్ల,
10 సెప్టెంబరు 2022, శనివారం.

మామా,

'ఊకె అడిగిన' అట! వాయించనన్న మనిషికి ఈ ప్రశ్న ఎందుకయ్యా? నీ ప్రశ్న చదివి ఫ్యాక్టరీ బస్సులో లేచి నిలబడ్డాను. డ్రైవరు "స్టాపు రాలే కూసో" అన్నాడు.

జవాబు: పెట్టొచ్చు! నువ్వు ఇంట్లోకి వచ్చేసి తలుపు తెరిచి ఉంచుతావు, నేను గడప అవతల ఒక్క దెబ్బ నిలబడతాను. వినేవాళ్ళ ఊపిరి ఆగుతుంది. అప్పుడు లోపలికి వస్తాను. ఒక దెబ్బేం ఖర్మ, రెండు దెబ్బలు ఆగగలను. నువ్వు తలుపు మూయకుండా ఉంటే నాలుగు. నిన్న వాయించి చూశాను, బాపు హార్మోనియం బదులు నోటితో స పట్టుకున్నాడు. శ్రుతి నిలవలేదు. అయినా ఒళ్ళు జలదరించింది.

కానీ నువ్వు అన్న ఇంకో మాట నన్ను పడుకోనివ్వలేదు. ఉత్తరంలో ఒప్పుకుంటే ఊరికి తెలియదు అన్నావు. నిజం. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. నేను చదివిన కాగితాల్లో ఎదుటివాళ్ళ తప్పులు ఉన్నాయి గానీ, రాసినవాడు తన తప్పు రాసుకున్న కాగితం ఒక్కటి కూడా దొరకలేదు. అందుకని నేనే రాశాను. అచ్చయింది. మళ్ళీ రెండు వందలే. విజేందర్‌కు ఇవ్వడం లేదు. నేనే వచ్చి, అదే బస్టాండులో, నా చేత్తో ఇస్తాను. చాయ్ హోటలాయనకు ముందు ఒకటి చదివి వినిపించి, తరువాత బజ్జీలకు వాడుకోమంటాను. పోరగాళ్ళు గళ్ళ సంగతి ఎవరినైనా అడగాలంటే నన్ను అడగాలి. నాకు జవాబు తెలుసు ఇప్పుడు.

రామచంద్రయ్య తాతకు విడిగా ఉత్తరం రాశాను, ఆయన మీద లేనిపోనిది అన్నందుకు. జవాబు వచ్చింది. "తాళంచెవి నా మొలతాడుకు ఉన్నది. వచ్చి అడుగు. ఏడుపుగొట్టు పాట నేను కూడ వింట, నచ్చకపోతే లేచిపోత." అంతే రాశాడు. బీరువా తాళం నేను తీయిస్తాను. హార్మోనియం పెట్టె మూత మాత్రం నీ చేతితోనే తియ్యాలి. తియ్యనంటే తియ్యకు. నీ పక్కన మూత వేసిన పెట్టె పెట్టుకుని నేను ఒక్కణ్ణే నాలుగు చుట్లు వాయిస్తాను, నీ గళ్ళు నీకు ఉంచి. నీ దగ్గరే నేర్చుకున్నాను.

ఇంకొకటి. ఈసారి వేదిక లేదు, మైకు లేదు. మీ ఇంటి మగ్గాల షెడ్డులో కూర్చుందాం. నేను నీకు వీపు చూపించను. ఎదురుగా కూర్చుంటాను, మోకాళ్ళు తగిలేంత దగ్గర. జనం చుట్టూ ఎక్కడైనా నిలబడనీ. అత్తను ఆసు ఆపొద్దని చెప్పు. మొదటి చుట్టుకు ముందు ఆమె చెయ్యి ఊపు అందరికీ కనిపించాలి. విజేందర్ దాన్ని చూసి డ్రమ్ము అందుకుంటాడు. మొదటి ఆరు చుట్లు నీ తీరు, కింది నుంచి. తరువాత నా తీరు, పై నుంచి. తరువాత ఎటు నుంచో ముందుగా అనుకోవద్దు. నీ మొహం చూసి నేను, నా మొహం చూసి నువ్వు.

కరపత్రం ప్రతి ఇందులో పెడుతున్నాను. అత్తకు ఇవ్వు, మేకుల పెట్టె కింద ఉన్న పాతది తీసేసి దీన్ని పెట్టమను. నీ పేరు అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో వేయించాను, కింది వరుసలో. మన కాగితం ఎక్కడ మొదలవుతుందో ఇప్పుడు తెలుసు కాబట్టి.

"పోచంపల్లి ప్రజలారా!

ఆగస్టు ఏడున సంఘం హాలులో ఒక పాట సగంలో ఆగిపోయింది. ఆపిన తప్పు జడ్చర్ల నివాసి కృష్ణకాంత్‌ది. గ్రాఫు కాగితం ఎటు నుంచి చదవాలో తెలియక, తెలిసిన మనిషిని ద్రోహి అన్నాడు. ఆ మాట అచ్చులో అన్నాడు కనుక అచ్చులోనే వెనక్కి తీసుకుంటున్నాడు. ఆయన వాయించిన పన్నెండు గళ్ళూ సరైనవే.

ఆ పాటను మొదటి నుంచి వినడానికి రండి. సెప్టెంబరు 18, ఆదివారం, పొద్దున పది గంటలకు, ఆండాళు గారి మగ్గాల షెడ్డు. నేసేవాళ్ళు, రంగు అద్దేవాళ్ళు, ఆసు పోసేవాళ్ళు, భజన పాడేవాళ్ళు, బజ్జీలు తిన్నవాళ్ళు, అందరూ రండి. వాన వస్తే గొడుగుతో రండి. పదికి డ్రమ్ము మొదలవుతుంది.

క్లారినెట్: కృష్ణకాంత్
డ్రమ్ము: విజేందర్
నడక: ఆండాళు
హార్మోనియం: వెంకటనర్సు"

పదికి, మామా. తొమ్మిదింటికే వచ్చి నీ ఎదురుగా కూర్చుంటాను.

నీ అల్లుడు,
కిష్ట